ఏనుగు పిల్లలకు కోరుట్ల బొంతలు

ఆ రోజుల్లో మా వైపు "మీ బాపు ఏం పని చేస్తడు?" అని ఎవరూ అడిగేవారు కాదు. "మీ బాపు ఏడుంటడు?" అనే అడిగేవారు. మస్కట్ అనో దోహా అనో చెబితే చాలు, తల ఊపి, ఇచ్చిన చాయ్ తాగి వెళ్లిపోయేవారు. అక్కడ ఏం మోస్తున్నాడు, ఏం ఊడుస్తున్నాడు అన్నది మర్యాదస్తులు అడిగే ప్రశ్న కాదు. అలాంటి ఊళ్లో, నేను డిగ్రీ మధ్యలో ఆపేసి కోరుట్ల బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో పనికి చేరిన కొత్తలో, మా బాపు కేరళలో ఉంటున్నాడని చెప్పుకోవాల్సి వచ్చింది. కేరళవాళ్లే మస్కట్ పోతారు గాని, మస్కట్ నుంచి కేరళకు పనికి పోయిన మనిషిని మా వాడలో అంతకుముందు ఎవరూ ఎరగరు.

జరిగిందేమిటంటే, మా బావి ఎండిపోయి, బోరు వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాక, బాపు మస్కట్‌లో ఒక కూలీల క్యాంపులో వంటమనిషిగా కుదిరాడు. కొన్నాళ్లకు ఆ కంపెనీ మూతపడి అందరినీ ఇళ్లకు పంపేశారు. బాపు మాత్రం ఇంటికి రాలేదు. క్యాంపులో తనతో ఒకే గదిలో ఉన్న కేరళ స్నేహితుడి వెంట వాళ్ల కొండ ఊరికి పోయాడు. ఆ ఊరివాళ్లంతా కలిసి, అటవీశాఖ అనుమతితో, తల్లుల్ని పోగొట్టుకున్న ఏనుగు పిల్లల్ని సాకుతున్నారట (వరదలో కొట్టుకొచ్చింది ఒకటి, బావిలో పడి దొరికింది ఒకటి, అలాంటివి). వాటికి జావ కాచే మనిషి కావాలన్నారు. క్యాంపంతటికీ అన్నం వండినవాడికి జావ ఒక లెక్కా! "ఉత్త చేతులతోని ఇంటికచ్చి ఏం మొఖం చూపెట్టాలె? కొన్ని రోజులు ఈడనే ఉంట" అని ఫోన్లో అన్నాడు. ఆ ఏడు గల్ఫ్ నుంచి అలా ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ల గురించి చుట్టుపక్కల ఊళ్లలో మంచి మాటలు వినబడేవి కావు. అందుకే అమ్మ "ఉండు, పానం మంచిగుంటె చాలు" అంది. ఫోన్ పెట్టేశాక వంటింట్లో కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

వాడలో మాత్రం కళ్లు తుడుచుకుని "అనాథ పిల్లల ఆశ్రమంల వంట మాస్టర్" అని చెప్పింది. (ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు చూడండి. అనాథలే, పిల్లలే, ఆశ్రమమే!) విన్నవాళ్లంతా "ఎంత పుణ్యమో" అన్నారు. అమ్మ కూడా కాస్త తలెత్తుకుని తిరిగింది.

వానాకాలం మొదట్లో ఒకసారి బాపు మాటల్లో మాటగా, కొండల మీద వానచలి మొదలైందనీ, చిన్న పిల్లలు వణుకుతుంటే గోనెసంచులు కప్పుతున్నామనీ అన్నాడు. అదే పొరపాటు. మా నాయినమ్మ ఫోన్ లాక్కుంది. "పాలు తాగే పోరగాండ్లకు గోనెసంచులా? నీకు గట్లనే కప్పిన్నారా నేను? ఆగు, బొంతలు తీస్కొని నేనే అస్తున్న!" అంది. అమ్మకు ఆ మాట దేవుడు పలికించినట్టుంది. జగిత్యాల ఏజెంటు మస్కట్‌కు కొత్త వీసా ఒకటి ఉందని అప్పటికే కబురు పెట్టాడు. మొగుడు ఆ వీసా మీద పోగలిగే స్థితిలో ఉన్నాడో లేదో తన కళ్లతో చూసుకోవాలని ఆమె తపన. అలా మా ప్రయాణం ఖాయమైంది. మా షాపులో రైలు టికెట్లు కూడా తీస్తాం కాబట్టి ఏర్పాట్ల బాధ్యత నా మీద పడింది. నేను కూడా ఓ ఫైలు పెట్టి, దాని మీద 'కేరళ యాత్ర' అని రాసి, ఎవరేమడిగినా అది చూసి గాని జవాబు చెప్పకుండా ఇంట్లోవాళ్ల ప్రాణం తీశాను.

బొంతలకు బట్ట సిరిసిల్లలో మా మేనమామ ఇస్తానన్నాడు. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. మామ సాంచాలు ఆ రోజుల్లో నడిచిన రోజులకంటే ఆగిన రోజులే ఎక్కువ. మూలన పడున్న తెల్ల గుడ్డంతా మోసుకుని బస్సు దిగి, "అక్కా, మగ్గం ఖాళీగుంటే మనిషికి పిచ్చిలేస్తది. జర నాకు కూడ పని చెప్పు" అన్నాడు. నాయినమ్మ, మామ కలిసి అరుగు మీద కుట్టడం మొదలుపెట్టారు. కొలత ఎంతో చెప్పమంటే బాపు ఫోన్లో "మన బర్రెకంటె జర చిన్నగ, జర గుండ్రంగ" అన్నాడు. దాంతో మొదటి బొంత పూర్తవగానే ఎదురింటివాళ్ల బర్రె మీద కప్పి చూశారు. కింద నాడాలు కట్టిందాకా అది బుద్ధిగానే నిలబడిందట. తర్వాత తన మీద ఏముందో వెనక్కి తిరిగి చూసుకుంది.

నేను షాపులో ఒకాయనకు ఆధార్ కార్డు జిరాక్సు తీసిస్తున్నాను. ఎర్ర పూల అంచు బొంత కట్టుకుని ఒక బర్రె బస్టాండు ముందు నుంచి దౌడు తీసింది. దాని వెనక మా మామ, మామ వెనక లుంగీ ఎగ్గట్టిన బర్రె యజమాని, చాలా వెనక కర్ర పట్టుకుని మా నాయినమ్మ. జిరాక్సాయన "ఏందమ్మా, బర్రెకు పెండ్లా?" అని అడిగాడు. వాళ్లెవరో నాకు తెలియనట్టు ముఖం పెట్టాను. కాని నాయినమ్మ వెళ్తూ వెళ్తూ "బిడ్డా, గా బొంత పోతే మల్ల కుట్టలేను, ఉరుకు!" అని నన్నే పిలిచింది.

బర్రెను పట్టుకుని ఇంటికి వచ్చేసరికి సగం వాడ మా వాకిట్లో ఉంది. అందరికంటే ముందు పక్కింటి పెద్దమ్మ. (ఆవిడకు మేం పెట్టిన పేరు రేడియో. ఆమెకు తెలిసిన మాట సాయంత్రానికి మెట్‌పల్లి దాకా తెలిసేది.) ఆశ్రమం పిల్లల కోసమని పాత గౌన్లు, పలకలు మూట కట్టి తెచ్చింది. బొంతను అటూ ఇటూ తిప్పి చూసి, "గింత పెద్దది ఏ పోరనికే ముసలమ్మా?" అని అడిగింది.

"గది చిన్నోనికే. పెద్దోనికి ఇంకింత అతకాలె" అంది నాయినమ్మ ఆయాసపడుతూ.

"అయ్యో, ఏమన్న రోగమా?"

"రోగమెందుకుంటదే? ఏనుగు పిల్ల అన్నంక గంత ఉండదా?"

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ముఖం చూసి నేను మామ వెనక్కి జరిగాను. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత వాడవాడంతా నవ్వింది. కడుపు పట్టుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వింది. రేడియో పెద్దమ్మ అందరికంటే గట్టిగా నవ్వి, నవ్వు ఆగాక కొంగుతో ముఖం తుడుచుకుంటూ అమ్మ పక్కకు వచ్చి కూర్చుంది. "నీ మొగడు నయమే చెల్లె, పసిగుడ్లను సాకుతుండు. మావోడు ఎడారిల ఒంటెలు కాస్తుండు. నేను సూపర్‌వైజర్ అని చెప్పుకొస్తున్న" అంది.

అంతే, ఇంక ఎవరూ ఆగలేదు. ఒకామె 'ఆఫీసులో' ఉన్నాడని చెప్పుకునే మొగుడు కార్లు కడుగుతున్నాడని తేలింది. ఇంకొకామె, కొడుకు ఫోన్ చేసి చాలా కాలమైందని మొదటిసారి బయటికి చెప్పి ఏడ్చింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ సాయంత్రం పెద్దమ్మ గౌన్ల మూట వెనక్కి తీసుకుపోయి పాత చీరలు తెచ్చింది. ఆమెను చూసి మిగతావాళ్లూ తెచ్చారు. బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు పక్కన పెట్టి సూదులు పట్టారు. ఎవరో ఇంత బెల్లం ముద్ద కూడా ఇచ్చిపోయారు. 'సామాను: రెండు సంచులు' అని నా ఫైలులో రాసుకున్నది ఎందుకూ పనికిరాకుండా పోయింది. వరంగల్‌లో రైలెక్కాక మేం కూర్చున్నది సీట్ల మీద కాదు, బొంతల మీద.

కొండ మీది ఆ ఊళ్లో జీపు దిగేసరికి వాన తుంపర పడుతోంది. చెక్క కంచె అవతల జావ ఉడుకుతున్న పెద్ద డేగిసా ముందు బాపు నిలబడి ఉన్నాడు. చిక్కిపోయి ఉంటాడనుకున్న మనిషి కాస్త ఒళ్లు చేశాడు. నడుము దాకా ఉన్న ఒక ఏనుగు పిల్ల వెనక నుంచి తోస్తుంటే, "ఆగురా లత్కోరోడా, కాలుతది! నీకే పోస్తనన్న గదా!" అని అచ్చమైన కోరుట్ల తెలుగులో తిడుతున్నాడు. అది బుద్ధిగా ఆగింది. అమ్మ రైల్లో ఉన్నంతసేపూ ఏం మాట్లాడాలో మనసులో అనుకుంటూ వచ్చింది. తీరా అక్కడ కంచె పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. బాపు తిరిగి చూశాడు. గరిటె కింద పడింది.

నాయినమ్మ బొంతలన్నీ తనే కప్పింది. పిల్లల మెడకు కట్టాలని తెచ్చిన కొండగట్టు అంజన్న గుడి దారం సగం మెడకు కూడా రాకపోతే తోకకు కట్టింది. ఆ ఊరి ఆడవాళ్లకు మా మాట రాదు, మాకు వాళ్ల మాట రాదు. అయినా వాళ్లలో ఒక ముసలావిడ బాపును చూపించి, చేత్తో అన్నం కలిపి నోట్లో పెడుతున్నట్టు సైగ చేసింది. వచ్చిన కొత్తలో ఆయన తిండి మానేస్తే తనే తినిపించానని చెప్పిందట. బాపు స్నేహితుడు విడమరిచి చెప్పాక అమ్మ ఆవిడ కాళ్లకు మొక్కింది. తిరిగి వచ్చే ముందు బాపుతో, "మస్కట్ ముచ్చట మల్ల ఎత్తకు. గీ చిన్నోడు గడ్డి తినుడు నేర్వంగనే ఇంటికి రా. కలో గంజో గీడనే తాగుదాం" అంది. అన్నట్టే అది గడ్డి తినడం నేర్చుకోగానే వచ్చాడు. జగిత్యాలలో టిఫిన్ బండి పెట్టి మమ్మల్ని గట్టెక్కించాడు. పేరు కూడా సరిగ్గా పలకలేని ఆ ఊరు మా మనిషిని మాకు నిలబెట్టి ఇచ్చింది. ఆ రుణం తలుచుకోని వానాకాలం ఇప్పటికీ లేదు.

ఆ రోజు మేం బయలుదేరుతుంటే ఆ చిన్న ఏనుగు పిల్ల తొండంతో నా కొత్త చున్నీ పట్టుకుంది. ఉద్యోగస్తురాలిననే దర్జాతో ముందు మెల్లగా లాగాను, తర్వాత గట్టిగా లాగాను, చివరికి అందరూ చూస్తుండగా "బాపూ!" అని చిన్నపిల్లలా అరిచాను. బాపు నవ్వుతూ "ఇడిసెయ్ బిడ్డా, అమ్మ కొంగనుకుంటుంది" అన్నాడు. వదిలేశాను. చున్నీ లేకుండా, చంకలో ఫైలు పెట్టుకుని, ఈ యాత్రనంతా తనే నడిపించినట్టు తల పైకెత్తి వానలో జీపు వైపు నడిచిన ఆ అమ్మాయిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. జీపు మలుపు తిరిగేదాకా వెనక్కి చూడకూడదనుకుంది పాపం. తిరగకముందే చూసేసింది.