యాకిమా నది మీద బూడిద వాన

1980 మే మొదటి వారంలో మా యూనిట్ యాకిమా ఫైరింగ్ రేంజ్‌కి చేరింది. నేను ట్రక్ డ్రైవర్‌ని. అమెరికా సైన్యంలో చేరి పద్నాలుగు నెలలు. వాషింగ్టన్ రాష్ట్రమంటే వానలూ, దేవదారు చెట్లూ అనుకున్నాను. ఇక్కడ అవేమీ లేవు. గోధుమరంగు గుట్టలు, ఎండిన పొదలు. పగలు ఎండ, తెల్లవారుజామున చలి. టెంట్లలో పడక.

రోజూ ఒకటే డ్రిల్. శత్రువు అణుబాంబు వేస్తే ఏం చేయాలి, విషవాయువు వదిలితే ఏం చేయాలి. "గ్యాస్!" అన్న కేక వినపడ్డాక తొమ్మిది సెకన్లలో మాస్క్ మొహానికి ఉండాలి.

రెండు వారాలయ్యాక ఒక ఆదివారం పన్నెండు గంటల సెలవిచ్చారు. మా సార్జెంట్‌కి ట్రౌట్ చేపల పిచ్చి. నన్నూ, గాయాలకు కట్లు కట్టే మెడిక్‌నీ, రేడియో ఆపరేటర్‌నీ తన సొంత పికప్ ట్రక్కులో ఎక్కించుకున్నాడు. ఉదయం ఆరున్నరకి యాకిమా నది ఒడ్డున ఉన్నాం. రెండు పక్కలా నిటారు కొండలు. మంచు కరిగి వచ్చిన నీళ్ళు. నడుము లోతు.

ఎర అంటే ఈకలు, దారంతో కట్టిన బొమ్మ ఈగ. నిజం ఈగలా నీళ్ళ మీద వాలేట్టు విసరాలి. నాది మూడుసార్లు నా టోపీకే తగులుకుంది. సార్జెంట్ మొదటి చేప పట్టాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. వదిలేశాడు.

"ఎందుకు వదిలేశారు?"

"మళ్ళీ పట్టుకోవడానికి."

నేను బాపట్లవాణ్ణి. చేప దొరికితే పులుసు పెట్టుకోవడమే తెలుసు. ఆ జవాబు నాకు ఈరోజుకీ పూర్తిగా అర్థం కాలేదు.

తొమ్మిదిన్నర దాటాక పడమటి గుట్ట వెనకనుంచి నల్లటి మబ్బు లేచింది. లోపల ఊదారంగు మెరుపులు. వాన వాసన లేదు. అగ్గిపుల్ల గీసినప్పటి వాసన. పక్షులు ఒక్కసారిగా ఊరుకున్నాయి.

"తుఫానా?" అన్నాడు మెడిక్.

సార్జెంట్ గాలం దారం చుట్టుకుంటూ ఒడ్డెక్కాడు, వెనకే నేనూ, మెడిక్.

పది గంటలకు చిమ్మచీకటి. నా చెయ్యి నాకు కనపడలేదు. మీద ఏదో రాలుతోంది. మంచనుకున్నాను. చల్లగా లేదు. పొడిగా, సన్నటి ఇసుకలా ఉంది. మా మాస్కులు క్యాంప్‌లో ఉన్నాయి.

"వేసేశారు," అన్నాడు మెడిక్. రోజూ డ్రిల్‌లో వినే బాంబేనని నేనూ అనుకున్నాను.

"అందరూ పలకండి!" అని అరిచాడు సార్జెంట్. నేను పలికాను. మెడిక్ పలికాడు. రేడియో ఆపరేటర్ పలకలేదు. అతను మాకు దిగువన, నీళ్ళలో ఉన్నాడు.

"డ్రైవర్, బండిలో తాడుంది. నడుముకి కట్టుకో."

తడుముకుంటూ వెళ్ళి తాడు తెచ్చాను. హెడ్‌లైట్లు వేస్తే వెలుగు మూరెడు దూరం కూడా పోలేదు. తాడు రెండో కొస వాళ్ళిద్దరూ పట్టుకున్నారు. తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని నదిలో దిగాను. నీళ్ళు ఎటు తోస్తే అది దిగువ. అంతకు మించి దిక్కులు తెలియలేదు. పిలిచిన ప్రతిసారీ నోట్లోకి ఇసుక. జవాబు లేదు.

తాడు బిగిసింది. దాని పొడవు అంతే. వెనక్కి రమ్మని సార్జెంట్ కేకలు వేస్తున్నాడు. వెనక్కి వెళ్ళాలో, ముందుకి పోవాలో తెలియలేదు. ఎందుకు చేశానో కూడా తెలియదు, ముడి విప్పేశాను. కొసను ఎడమ చేత్తో పట్టుకుని ఒక అడుగు వేశాను. సన్నటిదేదో చెంపకి గుచ్చుకుంది. అతని గాలపు కర్ర. దాన్ని పట్టుకుని పోతే మనిషి తగిలాడు. కదలకుండా నిలబడి ఉన్నాడు. కాలర్ పట్టి తాడు వెంబడి ఒడ్డుకి లాగాను.

ఒడ్డున పడ్డాక అడిగాను, "పలకలేదేంరా?"

"గ్యాస్ అనుకున్నాను. నోరు తెరిస్తే చస్తాననుకున్నాను." దగ్గు ఆగాక మళ్ళీ అన్నాడు, "నీ కేకలు వినపడుతూనే ఉన్నాయి. నువ్వు చచ్చిపోతున్నావనుకున్నాను."

నలుగురం పికప్‌లో ఇరుక్కుని అద్దాలు ఎత్తేశాం. రేడియోలో గరగర. చాలాసేపటికి ఒక గొంతు వినపడింది. సెయింట్ హెలెన్స్ కొండ పేలిందట, అగ్నిపర్వతం. రెండు నెలలుగా అది పొగలు కక్కుతోందని పేపర్లలో చదివినవాళ్ళమే. ఒక్కడికీ గుర్తు రాలేదు. మాకు నేర్పింది బాంబుల గురించి.

"కొండ ఎనభై మైళ్ళ అవతలుంది. ఇక్కడ చీకటి పడటమేంటి?" అన్నాడు మెడిక్.

"అలా చెప్పమని రేడియోవాళ్ళకి ఆర్డర్ వచ్చి ఉంటుంది," అన్నాడు సార్జెంట్. నేను రేడియోని కాక వాళ్ళిద్దర్నీ నమ్మాను.

క్యాంప్‌కి చేరాక కొండే అని చెప్పారు. రెండేళ్ళకి సైన్యం నుంచి బయటికొచ్చాను. ఇప్పుడు నేనుండే ఇర్వింగ్ ఊళ్ళో మా తెలుగు చర్చి పిల్లలు "అంకుల్, మీరు వార్ చూశారా?" అంటారు. లేదంటాను. చెప్పడానికి నా దగ్గర ఉన్నది వేరు.

ఆ ఆదివారం సాయంత్రం నాలుగింటికి కాస్త వెలుగొచ్చింది. మనిషి నడిచే వేగంతో పికప్‌లో క్యాంప్‌కి తిరిగి వస్తున్నాం. రోడ్డు, గుట్టలు, కంచెలు అన్నీ ఒకటే బూడిదరంగు. ఒక కంచె దగ్గర ముసలావిడ నిలబడి ఉంది. చర్చికి వేసుకున్న గౌను, పైన గొడుగు. చేతిరుమాలుతో గుర్రం కళ్ళు తుడుస్తోంది. మా మిలిటరీ జాకెట్లు చూసి చెయ్యెత్తి ఆపింది.

"మీకైనా ఇదేంటో చెప్పారా, బాబూ?"

"చెప్పారమ్మా. అంతా అదుపులోనే ఉంది," అన్నాడు సార్జెంట్.

ఆవిడ తలూపి మళ్ళీ తుడవసాగింది. గుర్రం కన్ను తెరిచింది. ఆ బూడిదలో అదొక్కటే తడిగా, నల్లగా మెరుస్తూ మమ్మల్ని చూస్తోంది.