సలోమి గిటార్‌లో లేని లోపం

2022లో, చెరుకు కొట్టే చలికాలం. నిజామాబాద్ బస్టాండుకు కాస్త అవతల నాది వాయిద్యాల దుకాణం. తబలాకు తోలు మార్చడం దగ్గర్నుంచి ఎలక్ట్రిక్ గిటార్ సెట్టింగ్ దాకా అన్నీ నేనే చేస్తాను. ఈమధ్య గిటార్ కొనేవాళ్లు ఫోన్‌లో స్పెసిఫికేషన్లు బట్టీ పట్టుకొని వస్తున్నారు. మెడ ఎంత సన్నం, తీగ ఎంత పొడవు, పికప్ ఏ రకం, అన్నీ అప్పజెబుతారు. నాకు ఒళ్లు మండుతుంది. "గవన్నీ సరే, ఒక్కసారన్న పట్టి వాయించినవా? కాగితం కొలతలే చెప్తది. ఫీల్ చెప్పేది చెయ్యి. చేతిని నమ్ము" అని ఏళ్ల తరబడి అదే పాట పాడుతున్నాను. సలోమి విషయంలో ఆ పాటే నన్ను బోల్తా కొట్టించింది.

సలోమి బోధన్‌లో బట్టలు కుడుతుంది. భర్త చెరుకు ట్రాక్టర్ తోలుతాడు. ఆదివారం చర్చిలో లీడ్ గిటార్ ఆమెదే. పాత గిటార్ మెడ విరిగితే నా దగ్గరే కొత్తది తీసుకుంది. అన్నింట్లోనూ పాతదానికంటే మేలైనది. స్కేల్ లెంగ్త్, అంటే తీగ మోగే పొడవు, తక్కువ. మెడ సన్నం. లెక్క ప్రకారం వేళ్లకు సుఖంగా ఉండాలి. నెల తిరక్కుండానే వెనక్కి పట్టుకొచ్చింది.

"అన్నా, గీ గిటార్ల జీవమే లేదు. తీగలు మొద్దుగున్నయి. చిటికెన వేలితోటి ఒత్తితే పలుకుతనే లేదు."

యాక్షన్ దించాను. తీగకూ, మెడ మీది ఫ్రెట్ కమ్మీలకూ మధ్య ఉండే ఎత్తును యాక్షన్ అంటాం. అది తగ్గితే తక్కువ బలంతో ఒత్తినా స్వరం పలుకుతుంది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. ఈసారి తీగలే సన్నవి వేశాను. క్రిస్మస్ ప్రాక్టీసులు మొదలయ్యాక మూడోసారి గుమ్మంలో కనిపించేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇంకేం సన్నగ జెయ్యాలె చెల్లె? తీగలు పీకేసి నీ కుట్టుదారం కట్టాల్నా?"

"మజాక్ జెయ్యకన్నా. గిట్లనే వాయిస్తే క్రిస్మస్‌కు వేరేటోళ్లను పెట్టుకుంటమని పాస్టర్ సార్ అన్నడు. పన్నెండేండ్ల సంది నేనే వాయిస్తున్న." నేను గిటార్ అందుకున్నాను.

తీగలన్నీ విప్పి కొత్తవి బిగించాను. కొసలు ఇంకా కత్తిరించలేదు. మెడ కదలకుండా గిటార్ తల దగ్గర ఆమెను పట్టుకోమన్నాను. ఎడమ చేత్తో పట్టుకొని చర్చి సంగతులేవో చెబుతోంది. నేను కటింగ్ ప్లేయర్ తీసుకొని తలెత్తాను కదా, అన్నిటికంటే సన్న తీగ కొస ఆమె చిటికెన వేలిలో దిగబడి ఉంది! రక్తం గిటార్ మెడ మీదికి కారుతోంది. ఆమె మాట మాత్రం ఆగలేదు.

"చెల్లె! రక్తం!"

"ఏడన్నా?" అని నా చేతుల వంక చూసింది.

వేలి నుంచి తీగ లాగాను. ఆమె కనురెప్ప కూడా కదలలేదు. గుడ్డ చుట్టి, కళ్లు మూసుకోమని, తీగలు మీటే పిక్ అంచుతో ఒక్కో వేలూ తాకాను. చూపుడు వేలు, మధ్య వేలు వెంటనే చెప్పింది. ఉంగరపు వేలికి తడబడింది. చివరికి చిటికెన వేలి కణుపు మీద గట్టిగా నొక్కాను.

"ముట్టు మరి," అంది.

"ముట్టిన చెల్లె."

ఆమె కళ్లు తెరిచి వేలిని చూసుకుంది. మెల్లగా, "మొన్న ఇస్త్రీపెట్టె కాలి పొక్కు లేసింది. ఎప్పుడు కాలిందో తెల్వలే" అంది. మోచేతి దగ్గర పాలిపోయిన మచ్చ కనిపించింది, అక్కడా స్పర్శ లేదు. మామూలు సిబ్బెం మచ్చ అనుకుందట. సర్కారు దవాఖాన గోడ మీది రాతలు నేనూ చదివినవాణ్ణే. స్పర్శ లేని మచ్చ అంటే ఏమిటో మా జిల్లాలో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఆ పేరు నా నోట రాలేదు. ఆమే అంది.

"కుష్టు గదా అన్నా? గా పేరు పడ్డదంటే చర్చిల నా పక్కన ఎవలు నిలబడ్తరు? నా చేత బట్టలెవలు కుట్టిచ్చుకుంటరు? నేను దవాఖానకు పోను."

"చెయ్యే పోయినంక ఏం కుడ్తవ్, ఏం వాయిస్తవ్? నువ్వు డాక్టర్‌కు సూపిచ్చుకొనొచ్చేదాంక గిటార్ ఇచ్చేదే లేదు, పో!" అని అరిచాను. అరిచింది కోపంతో కాదు, భయంతో.

భర్తతో కలిసి వెళ్లింది. అనుకున్నదే. నరం వాచిందట. మందులు ఏడాది మింగాలి, అవి అక్కడే ఉచితంగా ఇస్తారు, మొదలుపెట్టాక జబ్బు ఇంకొకరికి అంటదు. ఇంకొన్ని నెలలు ఆలస్యమైతే వేళ్లు ముడుచుకుపోయేవని డాక్టర్ అన్నాడట. ఆమె వచ్చినప్పుడల్లా నేను తీగలు దించుకుంటూ పోయేవాణ్ణి, ఆమె వేళ్లు చచ్చుబడుతూ పోయేవి. ఇద్దరం కలిసి గిటార్‌ను తిట్టుకుంటూ కూర్చునేవాళ్లం.

మాట ప్రకారం గిటార్ ఇచ్చేశాను కానీ, ఆ క్రిస్మస్‌కు ఆమె వాయించలేదు. పాస్టర్‌కు మాత్రం దాచకుండా చెప్పింది. ఆయన ఆమెను మొదటి వరుసలో తన భార్య పక్కన కూర్చోబెట్టాడట.

ఇప్పుడు ఎవరైనా వచ్చి ఫీల్ లేదంటే నేను గిటార్ అందుకోను. ముందు చెయ్యి చాపమంటాను. కొందరు జాతకం చెబుతాననుకొని నవ్వుతారు. నవ్వనీ.

మరుసటి వానాకాలం సలోమి గిటార్‌తో వచ్చింది. కూర్చోకముందే నా మీద ఎగిరింది.

"ఏం సెట్టింగన్నా ఇది? యాక్షన్ నేలకు దించినవ్, తీగలన్నీ కమ్మీలకు తగిలి బర్రుమంటున్నయి. మీదికి ఎక్కియ్యి!"

ఎక్కించి చేతికిచ్చాను. చిటికెన వేలితో సన్న తీగను ఒత్తి పట్టి మీటింది. స్వరం శుభ్రంగా పలికింది. వేలు ఎత్తి కొస మీద పడిన ఎర్రటి గీతను నాకు చూపించింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నొస్తుందన్నా," అంది నవ్వుతూ.