అమ్మిన బండికి మైసయ్య పూచీ

మైసయ్యకు మాటకంటే ముందు చెయ్యి లేచేది. ఆలేరు మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన హమాలీ ఆయన. భుజం మీద తువాల, నడుముకు బస్తాలు గుచ్చి లాగే ఇనుప కొక్కెం. ఆ కొక్కేన్ని మనిషి మీదికి దించింది ఒక్కసారే. ఆ ఒక్కసారికి నల్లగొండ జైల్లో నలభై రోజులున్నాడు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, పత్తి ఏరే రోజుల్లో జరిగిందది. తమ్ముడు ఐలేశం రోడ్డు దాటుతుంటే ఒక మోటారు సైకిల్ వచ్చి గుద్దింది. దవాఖాన వరండాలో తమ్ముడి మొహం మీద గుడ్డ కప్పుతున్నప్పుడు, గుద్దినవాడు నాలుగడుగుల దూరంలో మోకాలికి పట్టీ కట్టించుకుంటూ కనబడ్డాడు. మైసయ్య కొక్కెం వాడి మోచేతి మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు ఎండిన కందికట్టె విరిగినట్టు వరండా చివరిదాకా వినబడింది. రెండో దెబ్బ తలకే పడేది. నలుగురు మీద పడి ఆపారు.

ఆ బండికి ఇన్సూరెన్సు లేదు. ఐలేశం పెండ్లానికి పరిహారం ఇమ్మని కోర్టు తీర్పు రాసింది గాని, ఇవ్వవలసిన వాడికి ఇల్లు లేదు, చెలక లేదు. కూలికి పోదామంటే పనిచేసే చెయ్యి కూడా మైసయ్య పుణ్యమా అని లేకుండా పోయింది. ఐలేశం భార్య స్వరూప యాదగిరిగుట్ట కింద ఒక హోటల్లో అంట్లు తోమడానికి కుదిరింది. మైసయ్య ఇంట్లోనే ఆమెకొక అర్ర.

అప్పటినుంచి మైసయ్య ఇంట్లో పండుగకు కొత్తబట్టలు లేకపోయినా తన మోటారు సైకిలుకు ఇన్సూరెన్సు మాత్రం ఏడాది తప్పకుండా కట్టాడు. ఐదేళ్లు గడిచాక యార్డులో బస్తాల వరుస కూలి ఎడమ పాదం నలిగింది. గేరు వెయ్యడానికి కాలు రాలేదు. బండి అమ్మకానికి పెట్టాడు.

మైసయ్య తండ్రి అంగట్లో ఎద్దుల బేరాలు చేసినవాడు. కొడుక్కి తెలిసిన అమ్మకమూ అదే. కొలనుపాక నుంచి వచ్చిన విజేందర్‌ను ఇన్సూరెన్సు ఏజెంటు బాలకృష్ణ దుకాణం ముందు బల్ల మీద కూర్చోబెట్టి, ఇద్దరి చేతుల మీద తువాల కప్పి, వేళ్లు పట్టుకొని బేరం తెంపాడు. బాలకృష్ణ నవ్వుకుంటూనే ఇద్దరి ఆధార్ జిరాక్సులు తీసుకున్నాడు. పేరు మార్పిడి కాగితాల మీద చూపించిన చోటల్లా మైసయ్య సంతకాలు పెట్టి, ఆ కాగితాలూ తాళంచెవీ కలిపి విజేందర్ చేతిలో పెట్టాడు.

"ఇగ దాని మంచీ చెడూ నీదే" అన్నాడు.

పగ్గం చేతులు మారాక ఎద్దు ఎవరి చేలో పడ్డా, ఎవరిని పొడిచినా అమ్మినవాడికి సంబంధం ఉండదు. తండ్రి నేర్పిన న్యాయం అది.

రెండు నెలలు తిరిగేసరికి కల్లు కాంపౌండులో పంచాయితీ అయింది. విజేందర్ పదిమంది ముందు గట్టిగా అందుకున్నాడు. "ఏం మైసయ్యా, బండి అమ్మినవా, పాత ఇనుము అమ్మినవా? నీ కాలు లెక్కనే కుంటుతాంది గది!"

మైసయ్య వాడి చెంప మీద ఒక్కటిచ్చాడు. విజేందర్ తన చేతిలో ఉన్న సీసాతో మైసయ్య మూతి మీద కొట్టాడు. కింది పళ్లు రెండు ఊడి కల్లులో, నెత్తుట్లో కలిసిపోయాయి. వయసులో ఉన్నవాడు, మీదెక్కి కూర్చుని ఇంకో నాలుగు గుద్దాడు. జనం విడదీశాక బండి స్టార్టు చేసి, లేస్తున్న మైసయ్య మీదికే ఉరికించి, జానెడు దూరంలో పక్కకు తిప్పుకుని పోయాడు.

తెల్లారి దుకాణం షట్టరు ఎత్తకముందే మైసయ్య బాలకృష్ణ ముందు నిలబడ్డాడు.

"నా ఇన్సూరెన్సు తీసెయ్."

"మూతి గట్లైందేందే మైసన్నా?"

"మూతి సంగతి నీకెందుకు? నేను కట్టిన ఇన్సూరెన్సు మీద ఆ బాడ్కవ్ దర్జాగ తిరుగుతుండు. ఇంక ఎనిమిది నెలలున్నది. తీసెయ్. పోలీసులు పట్టి తంతుంటె నేను సూడాలె."

"వాడు ఆర్సీ పేరు మార్చుకున్నడా?"

"కాయితాల మీద సంతకాలు పెట్టిచ్చిన గద. తాళంచెవి ఇచ్చిన. అయిపాయె."

"ఏడ అయిపాయె? ఎద్దు అయితే పగ్గంతోటి పోతది. గీ బండికి పగ్గం ఆర్సీనే. అది నీ పేరు మీదనే ఉన్నది. వాడు రేపు ఎవన్నన్న గుద్దితే బండి ఎవనిదని కోర్టు అడుగుతది. మైసయ్యదంటరు. ఇన్సూరెన్సు ఉంటె కంపెనీ ఇస్తది. లేకుంటె నీ మెడకు సుట్టుకుంటది."

మైసయ్య బల్ల మీద గుద్దాడు. చాయ్ గ్లాసు ఎగిరి గచ్చు మీద పగిలింది.

"నా దగ్గర ఏమున్నదని తీసుకుంటరు? గీ కొక్కెం పట్టుకపొమ్మను. నువ్వు కాయితం ఇయ్యి."

బాలకృష్ణ ఇన్సూరెన్సు రద్దు కాగితం రాసి ఇచ్చాడు. "ఒక్క దినం ఆగి సంతకం పెట్టన్నా. నీ కాళ్లు మొక్కుత" అన్నాడు గాజుపెంకులు ఏరుకుంటూ.

ఇంటికి పోయేసరికి స్వరూప వాకిట్లో గొడ్డలితో కట్టెలు కొడుతోంది. ఆమెకు ఆ రోజు హోటల్ సెలవు. మైసయ్య పెన్ను కోసం తలుపు పక్క గూట్లో వెతుకుతుంటే చేతిలోని కాగితం లాక్కుని చదివింది. ఏడో తరగతి దాకా చదివిన మనిషి.

"ఇదేంది బావా?"

"వాని పొగరు దించుత."

"వానిది దించుతవు. వాడు రేపు ఎవన్ని గుద్దుతడో, వాడేం జేసిండు నిన్ను?"

"నీకు తెల్వది, నువ్వూకో."

"నాకు తెల్వదా?" గొడ్డలి విసిరికొట్టింది. అది పోయి తలుపు చెక్కలో దిగి ఊగింది. "నాకు తెల్వదా బావా? తమ్ముని కోసమని వాని చెయ్యి ఇరగ్గొట్టినవు. నీకు జైలు, వానికి అవిటితనం, నాకు అంట్లు. ఎవడు బాగుపడ్డడు? ఇయ్యాల మళ్ల కోపమొచ్చిందని నాసొంటిదాన్ని ఇంకొకదాన్ని తయారుజేస్తవా? చెయ్యి! సంతకం పెట్టు! దాన్ని గూడ మా హోటల్లకే తోల్కరా, పక్కపక్కన కూసోని తోముతం!"

మైసయ్య చెయ్యి లేచింది. తమ్ముడి భార్య మీద అంతకుముందు ఎన్నడూ లేవని చెయ్యి. స్వరూప కదలలేదు, కన్నార్పలేదు. "కొట్టు" అంది. మైసయ్య పిడికిలి ఆమె చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది. చిటికెనవేలు విరిగింది. గోడ సున్నం రాలి ఆమె జుట్టు మీద పడింది.

చాలాసేపు వాకిట్లో కూర్చున్నాడు. విజేందర్ బండిని తన మీదికి ఉరికించిన తీరే కళ్లలో ఆడింది. అలా ఉరికించేవాడు ఏదో ఒకరోజు పక్కకు తిప్పుకోలేడు. ఆ రోజు ఇన్సూరెన్సు ఉండాలి. కాని బండి ఇంకా తన పేరు మీదే ఉంటే ఆ పాపం తన గడపకే వస్తుంది. లేచి కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. బాలకృష్ణకు ఫోన్ చేసి భువనగిరి ఆర్టీఏ ఆఫీసులో మరునాటికి స్లాటు పెట్టమన్నాడు.

మరునాడు పొద్దున్నే ఆటోలో కొలనుపాక పోయాడు. విజేందర్ పళ్లు తోముకుంటూ బయటికొచ్చాడు. మైసయ్య నడుముకున్న కొక్కెం చూసి వేపపుల్ల పారేసి కర్ర అందుకున్నాడు.

"ఏందిరా, సంపనీకె వచ్చినవా?"

"సంపనీకె కాదు. నీ పేరు రాయించనీకె వచ్చిన. భువనగిరి నడువు."

"రాను పో. ఏం జేస్తవు?"

మైసయ్య పోయి కొక్కేన్ని బండి వెనక కడ్డీకి తగిలించి లాగాడు. స్టాండు మీదున్న బండి నేల గీసుకుంటూ రెండు గజాలు వచ్చింది. విజేందర్ కర్ర తల మీద పడింది. నెత్తురు కనుబొమ్మ మీదుగా ధారకట్టింది. మైసయ్య ఇంకో గజం లాగాడు. రెండో దెబ్బ భుజం మీద. ఇంకో గజం. కొక్కెం తన మీదికి ఎప్పుడు తిరుగుతుందా అని విజేందర్ చూస్తున్నాడు. అది తిరగలేదు. మూడో దెబ్బకు కర్ర పైకెత్తి, దించలేక ఆగిపోయాడు. వాకిళ్లలో నిలబడి చూస్తున్న ఆడవాళ్లలో ఒకామె, "ముసలోడు సచ్చేటట్టున్నడు, పోరాదురా ఆయన ఎంబడి!" అని అరిచింది.

ఇద్దరూ అదే బండి మీద పోయారు. తలకు తువాల బిగించి మైసయ్య వెనక కూర్చున్నాడు. హైవే ఎక్కగానే విజేందర్ కసిగా ఇసుక లారీని ఎడమనుంచి దాటబోయాడు. అంచున నడుస్తున్న గడ్డిమోపు మనిషి మోపుతో సహా కందకంలోకి దూకాడు. మైసయ్య వెనకనుంచి విజేందర్ గొంతు పట్టాడు.

"ఆపు! ఆపుతవా, పిసుకుదునా?"

బండి ఆగింది. గడ్డిమోపు మనిషి లేచి, దులుపుకుని, ఇద్దరికీ వినబడేట్టు తాతల దాకా తిట్టి పోయాడు. విజేందర్ వెనక అద్దం సరిచేసుకుని బండి కదిలించాడు. అక్కణ్నుంచి భువనగిరి దాకా సైకిలు తొక్కినట్టు నడిపాడు.

ఆఫీసులో గుమాస్తా మైసయ్య తల చూసి, "యాక్సిడెంటా?" అన్నాడు.

"కాలేదు. కాకముందే వచ్చినం" అన్నాడు మైసయ్య.

విజేందర్ సంతకాలు పెట్టాడు. ఇన్సూరెన్సు కూడా విజేందర్ పేరు మీదికి మార్చమని బాలకృష్ణ రాసి పంపిన దరఖాస్తు మీద, విరిగిన వేలు ఎడంగా పెట్టుకుని మైసయ్య సంతకం చేశాడు. పళ్లు ఊడగొట్టినవాడికి ఎనిమిది నెలల ఇన్సూరెన్సు.

బయటికొచ్చాక విజేందర్ నేల చూస్తూ, "ఎక్కు, ఆలేరుల దింపుత" అన్నాడు.

"నీ బండి నేనెక్క."

విజేందర్ కిక్కు కొట్టి పోయాడు. గేటు దాటేదాకా చూసి మైసయ్య ఒక్కసారిగా గొంతెత్తాడు.

"మెల్లగ పోరా బాడ్కవ్!"

విజేందర్ వెనక్కి తిరగకుండానే ఒక చెయ్యి పైకెత్తాడు. అది సరేననో, నీ దిక్కున్నచోట చెప్పుకోమనో మైసయ్యకు అర్థం కాలేదు. బస్సు కోసం నడవబోతే కళ్లు తిరిగాయి. చాయ్ బండి పట్టుకుని నిలబడి, కుట్లు వేసే దవాఖాన ఎటని అడిగాడు.