తిరిగి వెళ్ళిన చింతబరికె

మడకశిర వైపు ఒక ఊళ్ళో నేను రెండు విడతలుగా పనిచేసిన బడిలో ఒక ఆచారం ఉండేది. జూన్‌లో బిడ్డను చేర్పించడానికి వచ్చే తండ్రి పలకతో పాటు ఒక చింతబరికె కూడా తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. ఆకులు దూసి, కణుపులు నున్నగా చెక్కి మరీ తెచ్చేవాడు. బిడ్డను అయ్యవారికి అప్పగించడమంటే అదే.

డైరీ రాయడం నాకు చిన్నప్పటి అలవాటు. ఉద్యోగంలో చేరాక ఏ రోజు ఎవరిని, ఎందుకు, ఎన్ని దెబ్బలు కొట్టానో కూడా ఎర్ర సిరాతో రాసేవాణ్ణి. అది పద్ధతి అనుకునేవాణ్ణి. ఆ డైరీలన్నీ బడి బీరువాలోనే ఉండేవి.

రెండు వేల సంవత్సరం దాటాక, పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బరికెలన్నీ కట్టగట్టి బీరువా మీద పడేశాను. తరగతిలో గోల పెరిగింది. నవ్వులూ పెరిగాయి.

ఒక ఉదయం గొర్రెలు మేపుకునే ఒకాయన, మూడో తరగతి చదివే కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. రెండో చేతిలో కొత్త బరికె. అతనూ చిన్నప్పుడు నా దగ్గర చదివినవాడే.

“ఈ పిల్లకు నువ్వంటే భయం లేదు సార్. ఇంట్లో నీ మాదిరి కండ్లద్దాలు జార్చినట్టు చేసి, దగ్గి, నడిచి చూపిస్తాంది. వాళ్ళవ్వ నవ్వుకుంటా సంగటి అడుగంటించింది.”

“బాగా చేస్తుందా?”

“అచ్చం నువ్వే. భయం లేకుంటే చదువు యాడొస్తాది సార్? నువ్వు కొట్టనంటే చెప్పు, బడి మాన్పించి గొర్రెల ఎనక తోలుకపోతా.”

పిల్ల నా మొహంలోకి చూసింది. నేను ఉత్తర్వు సంగతి చెప్పాను.

“కాగితం మాట నాకెందుకు? నన్ను నువ్వు కొట్టలేదా? నాకు చదువు చెప్పలేదా?”

ఎంత కొట్టానో నాకే తెలుసుకోవాలనిపించింది. అతను మూడో తరగతిలో ఉన్న ఏటి డైరీ బీరువాలోంచి తీసి, పైకే చదివాను. ఏడో ఎక్కం రానందుకు రెండు దెబ్బలు. నాలుగు రోజులకు మళ్ళీ ఏడో ఎక్కమే. ఏడాది పొడుగునా పదకొండుసార్లు అదే. మధ్యలో ఒకసారి మాత్రం, జేబులో ఉడతను తెచ్చినందుకు.

“ఉడత కాదు సార్, తొండ. దిద్దుకో.”

“దిద్దుకుంటాలే. ఏడెనిమిదులు ఎంతప్పా?”

అతను పైకప్పు వైపు చూశాడు. పెదాలు కదిలాయి. “గొర్రెలకు ఏడో ఎక్కంతో ఏం పని సార్,” అన్నాడు చివరికి.

“యాభై ఆరు,” అంది పిల్ల అతని వెనకనుంచి. అడగకుండానే ఏడు తొమ్మిదులూ చెప్పేసింది.

అతను కూతుర్ని చూశాడు. నా చేతిలోని డైరీని చూశాడు.

“పదకొండుసార్లా సార్?”

“పదకొండు.”

నాకు సిగ్గేసింది. అన్నిసార్లు రాసుకున్నవాణ్ణి ఒక్కసారైనా వెనక్కి తిప్పి చదువుకోలేదు.

“పోయి కూచో పోమ్మా,” అన్నాడు కూతురితో. బరికెను బల్ల మీద పెట్టకుండా చంకన పెట్టుకున్నాడు. గడప దాటినవాడు మళ్ళీ తల లోపలికి పెట్టాడు.

“సార్, మా బామ్మర్దిది గూడా ఉండాదా దాంట్లో?”

నేను పేజీలు తిప్పి చూశాను. “ఉందప్పా. వాడిది తొమ్మిదో ఎక్కం.”