రేడియేటర్‌లో పసుపు

ఒక పాత కారు గురించి ఇంత రాయాలా అని ఎవరైనా అడగవచ్చు. పదో తరగతితో బడి మానేసిన నాకు మిగతా చదువంతా నిజామాబాద్‌లోని గ్రంథాలయంలోనే దొరికింది. గ్రహణాల గురించైనా, పంట తెగుళ్ల గురించైనా అక్కడి బీరువాల్లో ఏదో ఒక పుస్తకం జవాబు చెప్పేది. ఆ చదువంటే నాకు ఇప్పటికీ గర్వమే. కానీ కారుతున్న రేడియేటర్‌లో పసుపు పోస్తే చివరికి ఏమవుతుందో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మోటారు పుస్తకాలు రాసినవాళ్లు పసుపు పండే ఊళ్లలో ఉండి ఉండరు. మా వైపు మాత్రం పాత బండ్లున్న చాలామంది ఈ పని చేశారు, ఇంకా చేస్తున్నారు. ఎవరో ఒకరు రాసిపెట్టాలి కాబట్టి రాస్తున్నాను.

కారు బాపుది, అంటే మా నాన్నది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆయన ఎడపల్లి చుట్టుపక్కల చెరుకు తోటలు తిరిగి, ఏ తోట ఎప్పుడు కొట్టాలో చెప్పే పని చేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడి అందరూ తలో దిక్కు పోతున్నప్పుడు ఒక ఆఫీసరు తన తెల్ల కారును బాపుకు అమ్మి వెళ్లిపోయాడు. అప్పటికే అది పాతది. బాపు పోయాక తాళంచెవి నా చేతికి వచ్చింది. మా అమ్మ, మేం పిలిచే అవ్వ, ఎడపల్లి వదిలి నిజామాబాద్‌లో మా ఇంటికి వచ్చింది.

అవ్వకు మోకాళ్లు వంగవు. బస్సు మెట్లు ఎక్కలేదు. చిన్న కార్లలో కూర్చుంటే లేవలేదు, పెద్ద వాటిలోకి కాలు ఎత్తలేదు. ఈ కారు ముందు సీటు మాత్రం ఆమె కోసమే కొలిచి చేసినట్టుండేది. అక్కను ముప్కాల్‌లో పసుపు పండించే ఇంటికి ఇచ్చాం. కారు ఉంటేనే అవ్వ కూతురింటికి వెళ్లగలదు. లేకపోతే లేదు. నా ముందున్న ప్రశ్న అదొక్కటే.

నా భార్య మొదటినుంచీ అమ్మేయమనే చెప్పింది. "అది కారు గాదు, మా మామ ఫోటో. దండేసి గోడకు తగిలియ్యున్రి" అనేది.

రేడియేటర్ ఎక్కడో సన్నగా కారేది. బాపు మూత తీసి గుప్పెడు పసుపు పోసి ఇంజన్ నడిపించేవాడు. నీళ్లతో పాటు తిరిగి తిరిగి ఆ పొడి చిల్లు దగ్గర పేరుకుని మూసేసేది. కొన్ని నెలలు నిశ్చింత. మళ్లీ కారితే మళ్లీ గుప్పెడు. నేనూ ఒకసారి పోశాను. తర్వాత గ్రంథాలయంలో ఇంజన్ బొమ్మలున్న పుస్తకం చూస్తుంటే, నీళ్లు తిరిగే దారులు ఎంత ఇరుకో అర్థమైంది. చిల్లును మూసిన పొడి ఆ దారులను మూయకుండా ఉంటుందా అని భయం పట్టుకుంది. ఇంటికొచ్చి చెబితే అవ్వ నవ్వింది.

"మీ బాపు నడిపినన్ని రోజులు యాడనన్న ఆగిందా గది? పుస్తకంల సూసి బండి నడుపుతరా ఎవ్వలన్న?"

వేడి చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. బండి మరీ వేడెక్కితే లోపల ఉడికిన పసుపు వాసన వచ్చేది. ఆ వాసన వస్తే ఆపాలి, చల్లారనివ్వాలి, నీళ్లు పోయాలి. మాకు తెలిసిన గుర్తు అదొక్కటే.

ఆ ఏడాది పసుపు తవ్వే కాలంలో అవ్వ ముప్కాల్ పోదామంది. పొద్దున్నే బయలుదేరాం, ఇద్దరమే. ఆర్మూర్ దాటాక రెండు వైపులా పొలాల్లో పసుపు ఉడకబెడుతున్నారు. డ్రమ్ముల నుంచి ఆవిరి రోడ్డు మీదికి పాకుతోంది. ఉడికిన కొమ్ములు కల్లాల్లో పచ్చగా పరిచి ఉన్నాయి. అద్దాలు ఎక్కించినా వాసన ఆగలేదు. అది పొలాలదో, మా బండిదో ఎలా చెప్పడం? దారిలో రెండుచోట్ల ఆపి బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. ఎండకు అన్నీ వేడిగానే ఉన్నాయి. అక్క ఇల్లు క్షేమంగానే చేరాం. రేడియేటర్ నీళ్లు కొంచెం తగ్గితే పోశాను.

భోజనాలయ్యాక అవ్వ పోచంపాడ్ వెళ్లి గోదావరి చూస్తానంది. కొంగున ఏదో మూట కట్టుకుని ఎక్కింది. పొలాలు అయిపోయాయి. డ్యామ్ దగ్గరికి వచ్చేసరికి ఒక వైపంతా నీళ్లు, అటునుంచే గాలి. వాసన మాత్రం తగ్గలేదు.

"ఎవ్వలో పసుపు ఉడకవెడ్తున్నరు" అంది అవ్వ.

నేను గాలి వచ్చే వైపు చూశాను. ఆ వైపు నీళ్లు తప్ప ఏమీ లేదు.

బండి పక్కకు తీసి ఇంజన్ ఆపాను. ఆపినా లోపల ఏదో కుతకుతమంటూనే ఉంది. బానెట్ ఎత్తి, చల్లారేదాకా ఏదీ ముట్టుకోవద్దని అవ్వకు చెప్పి, ముందున్న చేపలు వేయించే బండి దగ్గరికి నీళ్ల కోసం నడిచాను. బకెట్ అడుగుతూ వెనక్కి తిరిగేసరికి అవ్వ దిగి కారు ముందు నిలబడి ఉంది. మూట విప్పింది. పసుపే, అక్క ఇంటిది. కొంగు మడిచి మూత మీద వేసింది. బాపు అలాగే తువ్వాల వేసి తిప్పేవాడు. కాకపోతే చల్లారాక తిప్పేవాడు. నేను పిలిచాను. ఆమెకు దూరం మాట వినపడదు.

మూత ఎగిరిపోయింది. పచ్చటి నీళ్లు ఆమె చేతి మీద, మెడ మీద పడ్డాయి. అవ్వ చెయ్యి చాపి అలాగే నిలబడింది. నాకంటే ముందు ఆ చేపల బండి నడిపే ఆమే బకెట్ పట్టుకుని పరుగెత్తింది.

ఆసుపత్రిలో నర్సమ్మ కాలిన చెయ్యి చూసి నన్ను కోప్పడింది. కాలితే పసుపు పూయొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినరేం అంది. పూయలేదని, కారులోంచి వచ్చిందని చెప్పాను. ఆమె నా ముఖం చూసి కట్టు బట్ట అందుకుంది.

బావ ట్రాక్టరుకు కట్టి కారును నిజామాబాద్ చేర్చాడు. మెకానిక్ ఇంజన్ విప్పి చూపించాడు. దారుల్లో రాయిలాగా గడ్డకట్టిన పసుపు.

"అన్నా, గిది తీస్తే లోపల తుప్పు తిన్న జాగలన్నీ తెర్సుకుంటయి, నీళ్లు ఆగయి. ఉంచితే ఉడుకుతది. నడిమిట్ల ఇంకో రస్తా లేదు. రేడియేటర్ కొత్తది ఏస్త, గని ఇంజన్ యాడికెళ్లి తేవాలె?"

ఇంటికొచ్చి చెప్పాను. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని అవ్వ విన్నది. ఎట్లన్న చేయించమంది. బిడ్డ ఇంటికి ఎట్ల పోవాలె అని అడిగింది. మెకానిక్ చేతనైనంత అతికి బండిని ఇంటి ముందు వదిలాడు. నేను నడపనూ లేదు, అమ్మనూ లేదు. రోజూ దాని పక్కనుంచి నడిచి వెళ్లేవాణ్ని. ఒక్కోరోజు ఎండ పడగానే వాసన వచ్చినట్టే అనిపించేది.

అలా ఉండగా పాత కారు కొనడానికి ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. మహారాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి చెరుకు కొట్టే కూలీలను బోధన్ వైపు తోటలకు తెచ్చే ముకద్దం, ఆ గుంపుకు పెద్ద. మాటల్లో సగం మరాఠీ. బేరమాడలేదు. పసుపు సంగతి దాచకుండా చెప్పాను.

"తెల్సు భావూ. కారితే ఇంకింత ఏస్తం" అని నవ్వాడు.

వరండాలో కూర్చున్న అవ్వ బండిలో ఎవరిని ఎక్కిస్తావని అడిగింది. కూలీల ఆడవాళ్లను, పిల్లలను అన్నాడు. కొట్టేవాళ్లు లారీలో ముందు పోతారు, తోట మారినప్పుడల్లా పిల్లలను వెనక చేర్చాలి. చిన్నపిల్లలే కాబట్టి పదిమంది దాకా పడతారు.

అవ్వ కట్టు విప్పింది. ముకద్దం ఆ చెయ్యి చూశాడు. చూసి కూడా తాళంచెవి కోసం నా వైపు చెయ్యి చాపాడు.

"ఇయ్యకు బిడ్డా" అంది అవ్వ. "నేను యాడికీ పోను. ఇయ్యకు."

వారం తిరక్కుండా పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి, మా వీధిలోనే కారును ముక్కలుగా కోసి పట్టుకుపోయారు. ముకద్దం పక్క వీధిలో అలాంటిదే ఇంకో తెల్ల కారు చూసుకున్నాడని తర్వాత తెలిసింది. ఇవ్వొద్దని చెబుదామని వెళ్లాను. అప్పటికే అమ్మేశారు.

పేర్లు రాయవద్దని ఇంట్లో అనుకున్నాం కాబట్టి వరసలతోనే చెప్పుకుంటాను. మమ్మల్ని ఎరగకపోయినా పరుగెత్తి వచ్చిన చేపల బండి అక్కకు, ఎండలో అంత దూరం ట్రాక్టరు నడిపిన బావకు, ఉన్నది ఉన్నట్టు చెప్పిన మెకానిక్ తమ్ముడికి, తిట్టి కూడా కట్లు మెత్తగా కట్టిన నర్సమ్మకు, తన మాటే నిజమైనా ఒక్కసారి కూడా ఎత్తిచూపని నా భార్యకు రుణపడి ఉన్నాను. అందరికంటే ఎక్కువగా మా సొంత అక్కకు. ఇప్పుడు ముప్కాల్ నుంచి బస్సులో ఆమే వస్తుంది. పొలం పనులు ముదిరితే నెలలు గడుస్తాయి. ఎప్పుడొస్తుందని అవ్వ అడగదు. సాయంత్రం వరండాలో కూర్చుని బోధన్ వైపు పోయే బండ్లను చూస్తుంది, తెల్లది ఏదైనా కనిపిస్తే లోపల ఎవరున్నారో చెప్పమని నన్ను పిలుస్తుంది.