అడగాల్సినవాణ్ణే అడిగిన అత్త

మా ఎదురింటి అత్త మొన్న ఆదివారం తెల్లారుతూనే ఆసుపత్రిలో పోయింది. నిమ్ము చేసింది. జాలరిపేటలో నలభై ఏళ్లు చేపలమ్మిన మనిషి. నాకు అత్త, మా నాన్నకు అప్ప, అంటే అక్క. రక్తసంబంధమేమీ లేదు గానీ, మా ఇంట్లో ఆవిడ చేత తిట్లు తినని మనిషి లేడు.

రెండేళ్ల కిందట మేమొక ఘనకార్యం చేశాం. వేటకు వెళ్లడం మానేశాక నాన్న ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసేవాడు. చూపు మందగించిందని ఆ పని కూడా మాన్పించేశాం. "ఇంక సుకంగా కూసో నాన్నా" అన్నాం. పెద్దాయన్ని ఎంత బాగా చూసుకుంటున్నామో అని మాకు ఒకటే గర్వం. కొన్నాళ్లకే ఆయన "నానింకా ఎందుకురా" అనడం మొదలెట్టాడు. ముసలాళ్లు అలాగే అంటారులే అని టీవీ సౌండు పెంచుకున్నాం. డాక్టరుకు చూపిస్తే, ఆయన నాన్న ముఖమైనా చూడకుండా "ఈ వయసులో మామూలే" అని నాకు చెప్పాడు. నేనూ తలూపాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అత్త ఒకరోజు చేపల తట్ట దించి, నాన్న ఎదురుగా చతికిలబడి సూటిగా అడిగేసింది. "సచ్చిపోవాలనిపిస్తందేటి తమ్ముడూ?"

"అవేటి మాటలత్తా!" అని లేచాను.

"నువ్వు నోరుముయ్యి. ఆడు సెప్తాడు."

 నాన్న "అవునప్పా" అని ఏడ్చాడు. ఇంట్లో నలుగురం ఉన్నాం, ఒక్కరం కూడా అడగలేదు.

ఆ రోజు ఆవిడ బేరం మానేసి నాన్న పక్కనే ఉండిపోయింది. మర్నాడు మాతో మరో డాక్టరు దగ్గరికొచ్చింది. ఆయన కూడా నావైపే తిరిగేసరికి, "రోగం ఆడిది బాబూ, ఆణ్ణడగండి" అంది. ఆయన అడిగాడు. మందులు, మాటలు నెలల తరబడి సాగాయి. వల నేనే తెచ్చి నాన్న ఒళ్లో పెట్టాను. కంటి ఆపరేషనూ చేయించాం. అది ముందే చేయించి ఏడవచ్చు కదా!

అంత్యక్రియల దగ్గర జనానికి ఓదార్పులకేం తక్కువ? "నిండు వయసు. మంచాన పడకుండా పోయింది. ఇంకేటి కావాలి?" అన్నాడొకాయన.

నాన్న గిరుక్కున తిరిగాడు. "శుక్రవారం నన్నడిగింది, డాక్టరెప్పుడు పంపుతాడు, బేరం పోతందని. అప్పకింకా బతకాలనుందిరా! సాలని సెప్పడానికి నువ్వెవడివి?"

పాడె లేపే వేళయింది. "పెద్దాయనా, నువ్వొద్దులే" అని ఎవరో ఆపబోతున్నా వినకుండా నాన్న పాడె కింద భుజం పెట్టాడు. నేను వెనకాల పట్టాను. సముద్రం వైపు ఆయన ఎంత మెల్లగా నడిచాడో, అందరం అంతే మెల్లగా నడిచాం.