గుడియాత్తం దారి మళ్ళించిన రోజు

వేలూరులో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో నెట్‌వర్క్ పని చూసేదాన్ని. గుడియాత్తానికి మాకు రెండు కేబుళ్ళు ఉండేవి. కాట్పాడి మీదుగా పోయేది మా సొంతం. పళ్ళికొండ మీదుగా పోయేది ఒక కేబుల్ ఆసామిది, మేము వాడినంతకు అద్దె కట్టేవాళ్ళం. అదేమో రోజుకు నాలుగుసార్లు పడిపోయేది. ఊళ్ళోవాళ్ళ తిట్లన్నీ అక్కడున్న మా లైన్‌మన్ తినేవాడు. యాభై దాటిన మనిషి, నన్ను అమ్మా అనే పిలిచేవాడు.

ఒక బుధవారం పొద్దున రౌటర్‌లో రూట్ మ్యాప్ రాశాను. రెండు దారుల్లో దేన్ని ముందు ఎంచుకోవాలో రౌటర్‌కు చెప్పే నాలుగు వరుసలు, అంతే. కాట్పాడి దారికి ప్రాధాన్యం పెంచాను. అది తెగితేనే రెండోది. నిమిషంలో ఊరి ట్రాఫిక్ అంతా ఇటు మళ్ళింది. తెర మీద ఆసామి లైను గీత అడుక్కి జారిపోతుంటే నాకు నవ్వొచ్చింది.

మధ్యాహ్నం ఇంకేదో పని మీద లైన్‌మన్‌తో ఫోన్లో మాట్లాడుతున్నాను. అటువైపు తలుపు దభాలున తెరుచుకుంది.

"ఎవుర్రా నా లైను ఖాళీ చేసినాడు?" ఆసామి గొంతు.

"నాకు తెలీదు సామీ."

ఇనపరాడ్డు ఎముక మీద పడితే వచ్చే చప్పుడు ఆ రోజే విన్నాను. తర్వాత లైన్‌మన్ కేక. "నేనే మార్చినాను, నేనే!" అని ఫోన్లో అరిచాను. అక్కడ ఎవరికీ వినపడలేదు.

బస్సెక్కి గుడియాత్తం ఆస్పత్రికి పోయాను. ఆయన చెవి చిరిగింది. కాలరు మీద నెత్తురు ఎండిపోయింది. ఆసామి వెంట వచ్చినవాళ్ళు కుడిచెయ్యి నేలకు అదిమిపెట్టి బూట్లతో తొక్కారట. వేళ్ళు వంకాయల్లా వాచి నల్లబడ్డాయి.

సాయంత్రం ఆసామే వచ్చాడు, ఆపిల్ పండ్ల సంచితో.

"కోపంలో ఒక దెబ్బ పడిపోయినాది. దాన్ని పెద్దది చెయ్యొద్దు. నా లైను మళ్ళా పెట్టేయండి."

మంచం పక్కనున్న స్టీలు క్యారియరు తీసి మొహం మీద కొట్టాను. పెదవి చీలింది. పన్ను ఊడి గచ్చు మీద పడింది. నోరు పట్టుకొని వంగిపోయాడు. అప్పుడు మళ్ళీ కొట్టాను, తల మీద. ఆ రెండో దెబ్బ అవసరం లేదు. అయినా కొట్టాను, ఒళ్ళంతా తేలికైనట్టనిపించింది. నర్సు నన్ను వెనక్కి లాగేసింది.

రెండు వైపులా కేసులు పెట్టుకున్నాం, రెండూ రాజీలో పోయాయి. రాజీ ప్రకారం సగం ఊరు ఆసామి లైను మీద పోవాలని మా మేనేజరు చెప్పాడు. రూట్ మ్యాప్ నేనే తిరగరాశాను.

లైన్‌మన్ వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. కేబుల్ తెగితే లోపలి వెంట్రుకంత గాజు తీగను అతికే పని ఇక ఆయన వల్ల కాదు. ఆఫీసులో కూర్చొని కంప్లయింట్ ఫోన్లు ఎత్తుతున్నాడు. ఒకసారి చూడబోతే, కోపం లేకుండానే అడిగాడు.

"మార్చే ముందర నాకొక మాట చెప్పింటే, ఆ పొద్దు తలుపేసుకొని యాడికన్నా పోయిండేవాణ్ణి గదమ్మా?"

చెప్పాలని నాకు తోచనే లేదు.